కలిసి పెరిగిన కుక్కలు ఉన్నట్టుండి కలబడితే ఏం చూడాలి, ఏం చేయాలి

ఒకే పెరట్లో తిరుగుతూ, ఒకే గోనెపట్టా మీద ఒరుసుకుని పడుకునే రెండు కుక్కలు ఒకనాటి సాయంత్రం ఒకదాని మెడ ఒకటి పట్టుకుంటే ఇంటిల్లిపాదీ అనే మాట ఒక్కటే: నిన్నటిదాకా బాగానే ఉన్నాయి, ఇవాళ ఏమొచ్చింది? ఆ మాటను ఆశ్చర్యంతో అని ఊరుకోకుండా నిజమైన ప్రశ్నగా తీసుకుని జవాబు వెతకాలన్నదే ఇక్కడ నేను చెప్పదలచినది. ఎరిగున్న కుక్కల మధ్య పోట్లాట చాలావరకు ఏదో ఒక మార్పు వెనకనే వస్తుంది. ఆ మార్పు కుక్క ఒంట్లో వచ్చినది కావచ్చు, ఇంట్లో వచ్చినది కావచ్చు, వీధిలో వచ్చినది కావచ్చు. దాన్ని కనిపెట్టకుండా ఏ కుక్కది తప్పో తేల్చేసి దాన్ని కొట్టినా, రోజంతా గొలుసుతో కట్టేసినా, పోట్లాటలు ఆగవు సరికదా, వాటికి మూలమైన నొప్పో జబ్బో ఉంటే అది కూడా మన కంట పడకుండా ముదిరిపోతుంది.

పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయో, అక్కడ కుక్కలను ఎలా పెంచుతారో దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇక్కడ చాలా కుక్కలు సగం ఇంటివి, సగం వీధివి. పగలు అరుగు మీద, రాత్రి పెరట్లో లేదా పశువుల సాలలో ఉంటాయి. పట్టణాల్లోని మేడ మీది ఇళ్ళకు రాసిన సలహాలు వీటికి యథాతథంగా సరిపోవు.

పోట్లాట జరుగుతున్నప్పుడు

చేతులు మధ్యలో పెట్టకండి. ఇది అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన విషయం. మీ చేతి అన్నం తిని పెరిగిన కుక్కే అయినా, ఆ క్షణంలో తనను పట్టుకున్నది మీ చెయ్యా, ఎదటి కుక్క నోరా అని చూసే స్థితిలో ఉండదు. మెడపట్టీ పట్టుకుని లాగబోయినవారికే ఎక్కువగా కాట్లు పడుతుంటాయి, ఎందుకంటే మెడ దగ్గర ఏది తగిలినా కుక్క తల తిప్పి కరుస్తుంది. కేకలు వేయడం, కర్రతో బాదడం కూడా పనికిరావు. కర్ర దెబ్బ నొప్పిని కూడా ఎదటి కుక్కే కలిగించిందనుకుని అది మరింత గట్టిగా పట్టే అవకాశం ఉంది.

ఒక బకెట్టు నీళ్ళు రెండింటి ముఖాల మీద ఒక్కసారిగా కుమ్మరించడం, స్టీలు పళ్ళేన్నో ఖాళీ బిందెనో దగ్గరగా నేలకేసి కొట్టడం, మందపాటి దుప్పటి రెండింటి మీదా పరచడం మొదట ప్రయత్నించవలసినవి. కొద్దిగా ఎడం దొరికితే పొడుగు పీటనో, చెక్కనో, ప్లాస్టిక్ కుర్చీనో మధ్యలో దూర్చి నిలబెట్టవచ్చు. ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనకకు వెళ్ళి, దాని వెనక కాళ్ళను తొడల దగ్గర పట్టుకుని పైకెత్తి, అది తిరిగి కరవడానికి వీల్లేకుండా పక్కకు అర్ధచంద్రాకారంలో వెనక్కి నడవాలి. ఇద్దరూ ఒకేసారి చేయాలి. ఒక్కదాన్నే లాగితే రెండోది దాని మీద పడుతుంది. అయితే ఒక కుక్క రెండోదాని కండను పళ్ళతో బిగించి పట్టుకుని ఉంటే లాగడం మంచిది కాదు. కండ చిరిగిపోతుంది. అప్పుడు నీళ్ళతో, దుప్పటితో పట్టు వదిలేదాకా చూసి, వదిలిన వెంటనే ఎడం చేయాలి. పిల్లలను, ముసలివాళ్ళను ముందే గదిలోకి పంపించేయాలి.

విడిపోయిన తరువాత రెండింటినీ వేర్వేరు గదుల్లో పెట్టి తలుపులు మూయండి. చాలామంది చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: రెండూ శాంతించాయనుకుని అరగంటలో మళ్ళీ ఎదురెదురుగా తెచ్చి, ఒకదాని తల ఒకటి నాకితే రాజీ కుదిరినట్టేనని చూస్తుంటారు. ఆ కలయికలోనే రెండో పోట్లాట జరుగుతుంది, అది తరచుగా మొదటిదానికంటే పెద్దది. ఒంట్లో లేచిన ఉద్రేకం దిగడానికి గంటలు పడుతుంది, కొన్నింటికి ఒకటి రెండు రోజులు కూడా పడుతుంది.

గాయాలు, రేబిస్

కుక్క పంటి గాయం పైకి బఠాణీ గింజంత రంధ్రంలా కనిపించినా లోపల చర్మం కండ నుంచి ఊడి వచ్చి ఉండవచ్చు. పెద్ద కుక్క చిన్న కుక్కను పట్టి విదిలిస్తే పైన గీత కూడా పడకుండా లోపల పక్కటెముకలు విరిగిన సందర్భాలు ఉంటాయి. అందుచేత రెండింటినీ విడివిడిగా, మెడ చుట్టూ, ముందుకాళ్ళ సందుల్లో, పొత్తికడుపు మీద, చెవుల వెనక వెంట్రుకలు పాయలు తీసి చూడాలి. నొప్పిలో ఉన్న కుక్క యజమానిని కూడా కరవగలదు కాబట్టి ఈ పని నెమ్మదిగా, దాని ముఖానికి దూరంగా ఉండి చేయాలి. గాయాన్ని శుభ్రమైన నీళ్ళతో ధారగా కడగండి. పసుపు ముద్ద, సున్నం, కారం, కాఫీపొడి ఏవీ అద్దవద్దు. ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ మాత్రలు కుక్కకు వేయవద్దు. మొదటి రెండూ కుక్కల కడుపులో పుండ్లు పడేలా చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, మూడోది మోతాదు మించితే కాలేయాన్ని పాడుచేస్తుంది. ఒక్క పంటి గాటు పడినా ఒక రోజులోపు పశువుల డాక్టరుకు చూపించడం మేలు, ఎందుకంటే మూడు నాలుగు రోజులకు చీము పట్టిన తరువాత వైద్యం రెట్టింపు కష్టమవుతుంది.

విడదీసేటప్పుడు మనిషికి కాటు పడితే, గీరుకున్నా సరే, వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకాను చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చేలా పడిన కాటుకు వీటితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే, ముందే తయారైన ప్రతిరక్షకాల మందు) కూడా కావాలి. మన కుక్కే కదా అని మానుకోకండి.

రేబిస్ సంగతి ఇక్కడ విడిగా చెప్పక తప్పదు. సగం వీధిలో బతికే కుక్క ఉన్నట్టుండి తన స్వభావానికి విరుద్ధంగా ప్రవర్తించినప్పుడు, అందులోనూ దానికి టీకాలు సక్రమంగా పడకపోయినా, గడచిన కొన్ని వారాల్లో లేదా నెలల్లో బయటి కుక్క దాన్ని కరిచినట్టు గుర్తున్నా, మొదట అనుమానించవలసింది ఈ జబ్బునే. నోటి వెంట తెగని చొంగ, వేలాడే కింది దవడ, బొంగురుపోయిన అరుపు, మింగలేకపోవడం, చీకట్లో నక్కడం, రాయీ కర్రా కొరకడం, తూలుతూ నడవడం వంటి లక్షణాలు కనిపిస్తే దాన్ని తాకకుండా, నోట్లో ఎముక ఇరుక్కుందేమోనని చెయ్యి పెట్టకుండా, ఒక గదిలో మూసి డాక్టరును పిలవాలి. మనిషిని కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టి ఉండమని చెప్పడానికి కారణం, కరిచిననాటికే చొంగలో వైరస్ ఉంటే ఆ గడువులోపు ఆ కుక్క జబ్బు లక్షణాలు చూపి చనిపోతుంది. కాటు పడిన మనిషి టీకా ఆ 10 రోజుల కోసం ఆగకూడదు.

ఏం మారింది?

గాయాల పని ముగిశాక ఒక కాగితం తీసుకుని, గడచిన రెండు మూడు వారాల్లో ఇంట్లోనూ కుక్కల్లోనూ వచ్చిన మార్పులన్నీ రాయండి. చిన్నవి కూడా రాయండి. నా అనుభవంలో ఈ కాగితమే సగం జవాబు చెబుతుంది.

ఒంటి నొప్పితో మొదలుపెట్టండి. పర్లాకిమిడిలో ఒక ఇంట్లో ఎనిమిదేళ్ళ ఆడ కుక్క, రెండేళ్ళ ఆడ కుక్క ఉండేవి. పెద్దదే చిన్నదాన్ని సాకిందని చెప్పాలి. వానలు పట్టిన తరువాత వరసగా రెండు సాయంత్రాలు పెద్దది చిన్నదాని మూతి పట్టుకుంది. పిల్ల పొగరెక్కి పెద్దదాన్ని రెచ్చగొడుతోందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తే, చిన్నది ఎప్పటిలాగే తోక ఊపుకుంటూ వచ్చి పెద్దదాని ఎడమ చెవి నాకబోయింది. పెద్దది తల ఆ పక్కకు కొద్దిగా వంచి, ఒళ్ళంతా బిగబట్టి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూసింది. చెవి తమ్మె ఎత్తితే లోపల ఎర్రగా వాచి, గోధుమరంగు గులిమి, పుల్లటి వాసన. చెవికి వైద్యం చేయించి, ఆ కొద్ది వారాలూ రెండింటినీ విడిగా ఉంచితే మళ్ళీ కలబడలేదు. ఆ చిన్న కుక్క చేసిన నేరమల్లా ప్రేమగా నాకడమే.

నొప్పి కుక్కలో మూలుగుగా కంటే చిరాకుగానే ముందు బయటపడుతుంది. వానకాలంలో చెవి జబ్బులు, గోమార్ల వల్ల వచ్చే జ్వరాలు, వాటితోపాటు వచ్చే కీళ్ళ నొప్పులు, విరిగిన పన్ను, తుంటి కీలు అరిగిపోవడం, వెన్నుపూస నొప్పి, ఇవన్నీ ఎదటి కుక్క పొరపాటున తగిలినా ఓర్చుకోలేని స్థితికి తెస్తాయి. ముసలి కుక్కకు శుక్లాలు వచ్చి చూపు మందగించినా, చెవుడు వచ్చినా, రెండో కుక్క వచ్చిన అలికిడి తెలియక ఉలిక్కిపడి కరుస్తుంది. స్టెరాయిడ్ మందులు వాడుతున్న కుక్కకు ఆకలి విపరీతంగా పెరిగి తిండి దగ్గర కయ్యానికి దిగడం కూడా చూస్తాం. మెట్టు ఎక్కడానికి తటపటాయించడం, పడుకున్నచోటు నుంచి లేవడానికి ఎక్కువసేపు తీసుకోవడం, తల విదిలించడం, ఒకే పక్కన నమలడం వంటివి కనిపించాయేమో గుర్తు చేసుకోండి. కనిపించినా కనిపించకపోయినా డాక్టరు పరీక్ష మాత్రం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఒడిశాలో ప్రతి బ్లాకులోనూ పశువుల ఆసుపత్రి ఉంటుంది, పంచాయతీల స్థాయిలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు అవసరమైతే భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలకో, సరిహద్దు దాటి విజయనగరం జిల్లాలోని గరివిడి కళాశాలకో వెళ్ళవలసి రావచ్చు. కుక్క నడుస్తున్నప్పుడు, తింటున్నప్పుడు ఫోనులో వీడియో తీసి తీసుకువెళ్ళండి. డాక్టరుగారికి తెలుగు రాకపోయినా వీడియో చూస్తే విషయం అర్థమవుతుంది, పైగా ఆసుపత్రి బల్ల మీద భయపడిన కుక్క కుంటకుండా నిలబడిపోవడం మామూలే.

తరువాత వయసు. కుక్క ఒళ్ళు ఏడాదికే పెరిగినా, దాని స్వభావం కుదురుకోవడానికి ఇంచుమించు ఒకటి నుంచి మూడేళ్ళ దాకా పడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు పెద్దది గుర్రుమనగానే పక్కకు తప్పుకున్న కుక్క ఈ వయసులో తప్పుకోవడం మానేస్తుంది. ఇంట్లో కుక్కల మధ్య పోట్లాటలు ఒకే లింగానికి చెందిన వాటి మధ్య, ముఖ్యంగా రెండు ఆడ కుక్కల మధ్య, ఎక్కువగా జరుగుతాయని పశువైద్యులు గమనించారు. ఆడ కుక్క దాదాపు ఆరేడు నెలలకొకసారి ఎదకు వస్తుంది, అది మూడు వారాల పాటు ఉంటుంది. ఆ రోజుల్లో మగవాటి మధ్య కయ్యాలు అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఏమిటంటే, ఎద ముగిసిన ఒకటిన్నర, రెండు నెలలకు చూలు లేకపోయినా కొన్ని ఆడ కుక్కలకు పాలు పడతాయి. పాత గుడ్డ ముక్కనో, చెప్పునో పిల్లలా కాపాడుకుంటూ దాని దగ్గరకు ఎవరినీ రానివ్వవు. పోట్లాట ఒక మూల దగ్గరే జరుగుతుంటే, అక్కడ అలాంటి వస్తువు ఏదైనా దాచుకుందేమో చూడండి. సంతాన నిరోధక శస్త్రచికిత్స మంచిదే, కానీ ఈ పాల సమయంలో చేయిస్తే ఆ స్థితి మరికొంతకాలం సాగవచ్చు కాబట్టి ఎద తేదీ చెప్పి డాక్టరుతో రోజు నిర్ణయించుకోవాలి. మగ కుక్కకు ఆపరేషన్ చేయిస్తే పోట్లాటలన్నీ ఆగుతాయన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఎదకు వచ్చిన ఆడ కుక్క కోసం జరిగేవి తగ్గుతాయి, భయం వల్ల జరిగేవి తగ్గకపోవచ్చు.

తిండి విషయం ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాలి. కార్తీక మాసమంతా, కనీసం చివరి ఐదు రోజులైనా, ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలు నీచు ముట్టవు. పూర్ణిమ మరునాడు ఛాడఖాయి రోజున ఇంటింటా మాంసం, చేపలు వండుతారు. నెల్లాళ్ళు గంజి అన్నంతో గడిపిన కుక్కల ముందు ఒక్కసారిగా ఎముకలు, చేప తలలు పడతాయి. మామూలు అన్నం గిన్నె దగ్గర పక్కపక్కన తినే కుక్కలు కూడా ఒక్క మేక ఎముక కోసం కలబడతాయి, ఎందుకంటే తిండికి ఆకలి తెచ్చే విలువ వేరు, అరుదుతనం తెచ్చే విలువ వేరు. పెళ్ళి భోజనాల తరువాతా ఇదే జరుగుతుంది. ఆ రోజుల్లో కుక్కలను విడివిడిగా కట్టి, విస్తళ్ళు పెరట్లో పారేయకుండా ఉంటే చాలు. వండిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి అసలు వేయకపోవడం ఇంకా మంచిది.

గేటు దగ్గర జరిగే పోట్లాటలు వేరు రకం. వీధిలో పరాయి కుక్క వెళుతుంటే మన రెండు కుక్కలూ గేటుకు ఎగబడి అరుస్తాయి. పరాయి కుక్క అందదు. అందని కోపంతో ఒకటి పక్కనున్న రెండోదాని మెడ కొరుకుతుంది. వీటి మధ్య వైరం ఏమీ లేదు. గేటు కింది భాగానికి రేకో తడికో కట్టి వీధి కనబడకుండా చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కుక్కను ఇంట్లో ఉన్న కుక్క కొత్తదానిలా వాసన చూసి గుర్రుమనడం కూడా ఇలాంటిదే. మందుల వాసన, ఇతర జంతువుల వాసన, మత్తు దిగని తూలు నడక కలిసి దాన్ని అపరిచితం చేస్తాయి. ఒక పూట విడిగా ఉంచి, ఆరుబయట కలపాలి.

తుపాను రాత్రుల గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా సాగినప్పటి వంటి రాత్రుల్లో, ఎప్పుడూ పెరట్లోనూ సాలలోనూ ఎడంగా తిరిగే కుక్కలను ఒకే గదిలో వేసి తలుపు బిగిస్తాం. గాలి హోరు, చీకటి, ఇరుకు, కింద తడి, అందరి ఆందోళన. ఒకటి వణుకుతూ రెండోదాని మీద పడుతుంది, రెండోది తప్పుకోవడానికి చోటుండదు. దీపావళి టపాసుల రాత్రీ చిన్నపాటి ఇలాంటిదే. ఇటువంటి రాత్రి జరిగిన పోట్లాటను బట్టి కుక్క స్వభావాన్ని అంచనా వేయకండి. మబ్బు పట్టగానే ఒకదాన్ని వంటింట్లో, ఒకదాన్ని ముందుగదిలో పెట్టే ఏర్పాటు ముందే అలవాటు చేయండి.

నడవాలో రెండు క్షణాలు

మన పాత వీధుల్లో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని, ముందు అరుగు నుంచి వెనక పెరడు దాకా పొడుగ్గా ఉంటాయి. మధ్యలో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని నడవా. కుక్కల పోట్లాటలు ఎక్కువగా ఆ నడవాలోనో, వంటింటి గడప దగ్గరో మొదలవుతాయి, ఎందుకంటే ఎదురుపడినప్పుడు ఒకటి వెనక్కి తగ్గితే తప్ప దారి ఉండదు. అక్కడ కూర్చుని గమనిస్తే పోట్లాట ఉన్నట్టుండి రాదని తెలుస్తుంది. ఒక కుక్క గడపకు అడ్డంగా నిలబడుతుంది. తోక నిటారుగా లేచి, కొన మాత్రం చిన్నగా, వేగంగా కదులుతుంది. తోక ఊపుతోంది కదా స్నేహంగానే ఉందనుకుంటే అది పొరపాటు. నోరు మూసుకుంటుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, చూపు గుచ్చినట్టు నిలుస్తుంది. రెండో కుక్క తల పక్కకు తిప్పి మూతి నాకుకుంటుంది, లేదా నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. అది తగాదా వద్దని చెప్పడం. ఆ మాట చెల్లకపోతే వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, పెదవి లేవడం, గుర్రుమనడం వరసగా వస్తాయి.

ఈ బిగబట్టిన రెండు క్షణాలే మనకు దొరికే వ్యవధి. ఆ సమయంలో కేక వేయకుండా, మామూలు గొంతుతో ఒక కుక్కను పేరు పెట్టి మీ వైపు పిలవండి, లేదా అన్నం గిన్నె చప్పుడు చేయండి. గుర్రుమన్న కుక్కను కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గుర్రుమనడం అది ఇచ్చే ఆఖరి హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే కుక్క కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. అప్పుడిక అది నిజంగానే చెప్పకుండా కరిచే కుక్క అవుతుంది.

ఇంట్లో ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయి, తేల్చుకోనివ్వండి అన్న సలహా పల్లెల్లోనూ పట్టణాల్లోనూ వినిపిస్తుంది. దీని మూలం 1947లో జంతువుల ప్రవర్తనను పరిశీలించిన రుడాల్ఫ్ షెంకెల్ బందీగా ఉన్న తోడేళ్ళను చూసి రాసిన పరిశీలన. అడవిలోని తోడేళ్ళ మందలు నిజానికి తల్లీతండ్రీ, వాటి పిల్లలతో కూడిన కుటుంబాలని తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్ తరువాత వివరించారు. తాను మొదట్లో ప్రచారం చేసిన పెత్తందారు తోడేలు భావనను 1999లో ఆయనే సవరించారు. కుక్కలను కొట్టుకోనిస్తే తేలేది పెద్దరికం కాదు. ఒకటి గెలిచి కరవడం ఫలిస్తుందని నేర్చుకుంటుంది, రెండోది భయంతో ముందే కరవడం నేర్చుకుంటుంది.

మళ్ళీ కలపడం

డాక్టరు పరీక్ష పూర్తయి, నొప్పికి వైద్యం మొదలై, గాయాలు మానేదాకా రెండింటినీ పూర్తిగా విడిగా ఉంచండి. ఇల్లు పొడుగుగా ఉండడం ఇక్కడ కలిసి వస్తుంది: ఒకటి ముందు భాగంలో, ఒకటి పెరటి వైపు, మధ్య తలుపు మూసి, పూటపూటకు చోట్లు మార్చాలి. ఒకటి పడుకున్న గోనెపట్టాను రెండోదానికి వేస్తే వాసన పరిచయం తప్పిపోదు. ఎప్పుడూ ఒకదాన్నే కట్టి రెండోదాన్ని వదలకండి. కట్టేసిన కుక్క తప్పించుకోలేనని ఎరిగి ముందే దూకుడుగా ఉంటుంది.

తరువాత మెట్టు నడక. తెల్లవారుజామున వీధి ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరు మనుషులు, ఒక్కో కుక్కను తాడుతో పట్టుకుని, వీధికి ఆ పక్కనొకరు ఈ పక్కనొకరు ఒకే దిక్కుకు నడవాలి. ఎదురెదురుగా తీసుకురాకూడదు. ఒకదాన్నొకటి చూసి కూడా ఒళ్ళు బిగించకుండా నడిచినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్కో, కోడిమాంసం పోగో నోట్లో పెట్టండి. బిగుసుకుంటే దూరం సరిపోలేదని అర్థం. ఇంకా ఎడం పెంచండి. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించి, పక్కపక్కన నడిచే స్థితికి వచ్చాక, పెరడు వంటి విశాలమైన చోట తాళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ ఉండేలా వదిలి, కొద్ది నిమిషాలు ఉంచి, బాగున్నప్పుడే విడదీయాలి. ఈ పని కొన్నింటికి రెండు వారాల్లో అవుతుంది, కొన్నింటికి నెలలు పడుతుంది. తొందరపడి నడవాలో కలిపితే మొదటికొస్తుంది.

ఈ దశలో మూతికి చిక్కం అలవాటు చేయడం మంచి ఆలోచన. బుట్టలా ఉండి, కుక్క నోరు తెరిచి రొప్పడానికీ, నీళ్ళు తాగడానికీ వీలున్నదే వాడాలి. మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీ ఎండాకాలంలో ప్రమాదకరం, ఎందుకంటే కుక్క ఒంటి వేడి తగ్గేది ప్రధానంగా రొప్పడం వల్లనే. ఒక్కసారిగా తొడగకుండా, కొన్ని రోజులు బుట్ట లోపల తిండి పెట్టి, అదే మూతి దూర్చేలా చేసి, ఆ తరువాతే పట్టీ బిగించాలి.

కలిసిన తరువాత కూడా తిండి వేర్వేరు గదుల్లోనే, తలుపు మూసి పెట్టండి, తిన్న వెంటనే గిన్నెలు తీసేయండి. మీరు బయటి నుంచి వచ్చినప్పుడు రెండూ మీద పడి పోటీపడతాయి కాబట్టి, రెండూ చాప మీదికి వెళ్ళి కూర్చున్నాకే పలకరించే అలవాటు చేయండి. ఇంట్లో ఎవరూ లేని సమయంలో మాత్రం, ఎంత బాగున్నా, విడిగానే ఉంచాలి.

కలపడం కుదరనప్పుడు

కొన్ని జతలు ఇక కలవవు. హెచ్చరిక లేకుండా కరవడం, ప్రతిసారీ లోతైన గాయాలు కావడం, ఒకటి మరోదానికంటే బాగా పెద్దదై ఉండడం, ఇంట్లో పసిపిల్లలు ఉండడం, వీటిలో ఏ రెండు కలిసినా జీవితాంతం విడిగా ఉంచడమో, ఒకదానికి వేరే ఇల్లు చూడడమో ఆలోచించాలి. దీన్ని ఓటమిగా చూడకండి. రోజంతా భయంతో గోడ వారగా బతికే కుక్కకు ఒంటరిగా, నెమ్మదిగా ఉండే ఇల్లు నిజమైన మేలు. జీడిమామిడి తోటల్లో, పొలాల దగ్గర కాపలా కుక్క కోసం వెతికేవాళ్ళు ఉంటారు, కానీ అక్కడ ఇంకో కుక్క ఉందేమో, దీన్ని రాత్రీ పగలూ గొలుసుతో కట్టేస్తారేమో కనుక్కుని, పోట్లాటల సంగతి దాచకుండా చెప్పి, టీకా కార్డు చేతికిచ్చి పంపండి.

బండి మీద ఎక్కించి మహేంద్రతనయ నది అవతలో, ఘాట్ రోడ్డు మలుపులోనో వదిలి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్క కొత్త వీధిలో అక్కడి కుక్కల మధ్య నిలవలేదు, తిరిగి వస్తూ దారిలోనే బండ్ల కింద పడుతుంది. కొత్త ఇంటికి పంపిన తరువాత కూడా మొదటి నెలలో ఒకటి రెండుసార్లు వెళ్ళి దాని తిండి, నిద్ర, నడక ఎలా ఉన్నాయో చూసి రండి. ఇక్కడ మిగిలిన కుక్కను కూడా అదే సమయంలో గమనించండి, ఎందుకంటే కయ్యమాడినా కలిసి పెరిగిన తోడు పోతే కొన్ని కుక్కలు కొన్నాళ్ళు అన్నం సరిగా ముట్టవు. అలాంటప్పుడు వెంటనే మరో కుక్కను తీసుకురాకుండా, కనీసం దాని తిండీ నడకా మామూలు స్థితికి వచ్చేదాకా ఆగండి.